సోలార్ లైట్లు పంచాలనుకుంటున్నారా? లాంతరా, ఇంటి కిట్టా, వీధి దీపమా?

తుపాను తీరం దాటినా, వాగు పొంగి ఊరు మునిగినా, కరెంటు లేని గూడెం ఫోటో పేపర్లో పడినా మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "సోలార్ లైట్లు పంచుదామా?" సాయంత్రానికల్లా ఎవరో ఒక లింకు పెడతారు. వంద తీసుకుంటే డిస్కౌంటు అంటారు. డబ్బులు పోగవుతాయి, అట్టపెట్టెలు దిగుతాయి, పంపిణీ ఫోటోలు వస్తాయి. ఏ రకం లైటు, ఎవరికి, ఎన్నాళ్లకి అన్న మాట మాత్రం చర్చకే రాదు.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సినవి రెండే. ఈ వెలుగు ఎన్ని రోజులకి కావాలి? బ్యాటరీ చచ్చిన రోజున దాన్ని మార్చేదెవరు? కాంతి ఎంత, రంగు ఏది, రిమోట్ ఉందా అన్నవి ఆ తర్వాత చూసుకోవచ్చు. మంచి సోలార్ పలక (ప్యానెల్) ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. ఎల్‌ఈడీ కూడా తొందరగా పోదు. ముందు పోయేది బ్యాటరీ, చాలాసార్లు రెండు మూడేళ్లలోపే. దాన్ని మార్చుకునే దారి లేకపోతే మీరిచ్చిన లైటు అటక మీద ప్లాస్టిక్ డబ్బాగా మిగులుతుంది.

చేతి లాంతరు

చవకగా, త్వరగా, ఎక్కువ మందికి చేరేది ఇదే. వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. బుడ్డి దీపం ఇచ్చే వెలుగు పది ల్యూమెన్ల దరిదాపుల్లో ఉంటుంది. అర వాటు ఎల్‌ఈడీ లాంతరు కూడా యాభై ల్యూమెన్లు ఇస్తుంది. పిల్లాడు పుస్తకం చదవడానికి, అన్నం వండుకోవడానికి, రాత్రి బయటికెళ్లేటప్పుడు కాలి కింద కట్లపాము ఉందేమో చూసుకోవడానికి అది చాలు. పైగా పొగ ఉండదు, ఒంటికి అంటుకునే భయం ఉండదు. సోలార్ లాంతర్లు చేసే డి.లైట్ కంపెనీ పుట్టడానికి కారణం కూడా అలాంటి ప్రమాదమే. ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో వాలంటీరుగా ఉన్న సామ్ గోల్డ్‌మన్, తన పొరుగింటి పిల్లాడు కిరోసిన్ దీపం వల్ల ఒళ్లు కాల్చుకోవడం చూశాడు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో నెడ్ టోజన్‌తో కలిసి ఆ కంపెనీ పెట్టాడు.

లాంతరు కొనేటప్పుడు ఎక్కువ మంది మోసపోయేది "మొబైల్ చార్జింగ్" అన్న ముద్ర చూసి. చిన్న లెక్క వేద్దాం. ఒక వాటు పరికరం గంట నడవడానికి పట్టే కరెంటు ఒక వాట్-అవర్. మన ఎండకి ఒక వాటు పలక నష్టాలు పోను రోజుకి మూడు, మూడున్నర వాట్-అవర్లు ఇస్తుంది. ఇప్పుడందరి చేతుల్లో ఉన్న 5000 ఎంఏహెచ్ ఫోన్ నిండాలంటే ఇరవై వాట్-అవర్ల పైనే కావాలి. అర వాటు పలక ఉన్న లాంతరుకి యూఎస్‌బీ రంధ్రం పెట్టి అమ్మితే, వారం ఎండలో పెట్టినా ఆ ఫోన్ దాదాపు సగమే నిండుతుంది. ఈలోగా ఇంట్లో దీపం ఉండదు. కీప్యాడ్ ఫోన్లయితే నాలుగైదు వాట్-అవర్లు సరిపోతాయి కాబట్టి పరవాలేదు. ఫోన్ చార్జింగ్ నిజంగా కావాలంటే పలక కనీసం మూడు వాట్లుండాలి. అప్పుడు కూడా పెద్ద ఫోన్ రోజుకి సగమే నిండుతుంది.

తుపాను సాయానికి ఈ లెక్క ఇంకా ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఊపేసినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం ఉద్దానాన్ని తుడిచిపెట్టినప్పుడు చీకటితో సమానంగా జనాన్ని ఏడిపించింది చచ్చిన ఫోన్లే. బంధువులకి బతికే ఉన్నామని చెప్పాలన్నా, నష్టపరిహారం లిస్టులో పేరుందో లేదో కనుక్కోవాలన్నా ఫోనే దిక్కు. జనరేటరున్న చోట డబ్బులిచ్చి మరీ చార్జింగ్ పెట్టుకున్నారు. అందుకే తుపాను కిట్‌లో పెట్టే లాంతరు కాంతి కాస్త తగ్గినా పలక పెద్దదై ఉండాలంటాను.

రెండో విషయం, పలక లాంతరు నెత్తిమీదే అతికించి ఉందా, వైరుతో విడిగా వచ్చిందా? విడిగా ఉన్నదే తీసుకోండి. అతికించిన రకాన్ని రోజంతా ఎండలో వదిలేయాలి. కూలికెళ్లే మనిషి సాయంత్రం దాకా దాన్ని బయట పెట్టి వెళ్లడానికి భయపడుతుంది, ఎవరైనా పట్టుకుపోతారని. భయం లేకపోయినా ఏప్రిల్, మే ఎండలో బ్యాటరీ కూడా పలకతో పాటు మాడుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. విడి పలకైతే పెంకుల మీద ఒకసారి కట్టేస్తే సరి, దీపం ఇంట్లోనే నీడన ఉండి చార్జ్ అవుతుంది.

ఇక బాగుచేసే మాట. కొనే ముందు ఒక సాంపిల్ తెప్పించి అడుగున స్క్రూలు విప్పండి. లోపల బ్యాటరీ చిన్న ప్లగ్గుతో తగిలించి ఉంటే చేత్తో లాగి కొత్తది పెట్టొచ్చు. తీగలు నేరుగా టంకం వేసి, పైన జిగురు పోసి ఉంటే అది వాడి పారేసే సరుకే. కొన్నింటికి అసలు స్క్రూలే ఉండవు, రెండు ముక్కలూ కలిపి అంటించేస్తారు. ఈ విప్పి చూసే పనికి ఐదు నిమిషాలు పడుతుంది. బ్రోషర్ మొత్తం చదివినా తెలియని సంగతి ఇక్కడ తెలుస్తుంది. ఐఐటీ బాంబే వాళ్లు బడి పిల్లలకి సోలార్ స్టడీ ల్యాంపులు ఇచ్చినప్పుడు ఊళ్లవాళ్లకే శిక్షణ ఇచ్చి వాటిని బిగింపించారు. బిగించిన చేతికి విప్పడం కూడా వస్తుంది. రిపేరుకి ఎక్కడికో పంపక్కర్లేదు.

గాలి ఊదే లైటు

2010 హైతీ భూకంపం తర్వాత కొలంబియా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదువుతున్న అన్నా స్టార్క్, ఆండ్రియా స్రెష్ఠా అనే ఇద్దరమ్మాయిలు గుడారాల్లో ఉన్నవాళ్ల కోసం ఆలోచించి చేసినది ల్యూమినెయిడ్. మడిస్తే పల్చటి కవరంత, ఊదితే దిండంత. నీళ్లలో తేలుతుంది, తడిసినా పాడవదు. ఒక లాంతరు పట్టే చోట ఇవి చాలా పడతాయి. హెలికాప్టర్లోనో, పడవలోనో, మనిషి భుజం మీద సంచీలోనో వెళ్లాల్సిన సాయానికి దీన్ని మించింది లేదు.

అయితే ఇది పలక నెత్తిమీదున్న రకమే. ఎండలో పడి పడి ప్లాస్టిక్ అతుకులు ఊడతాయి, బ్యాటరీ మార్చే దారి ఉండదు. గోదావరి వరదలో లంక గ్రామాలకి పడవలో పంపుతున్నారంటే కొనండి. లారీ వెళ్లే దారి ఉన్న ఊరికైతే అదే డబ్బుతో లాంతర్లు కొనండి.

ఇంటి కిట్టు

ఇంటి కప్పు మీద పలక, లోపల బ్యాటరీ పెట్టె, మూడు బల్బులు, ఫోన్ చార్జింగ్, కుదిరితే చిన్న డీసీ ఫ్యాను. నెలల తరబడో, ఏళ్ల తరబడో కరెంటు రాని ఇంటికి సరైన జవాబు ఇదే. లాంతరుతో సరిపెట్టడం అక్కడ అన్యాయం. జోర్డాన్‌లో సిరియా శరణార్థుల కోసం అజ్రక్ శిబిరాన్ని 2014 ఏప్రిల్‌లో ఎడారి మధ్యలో తెరిచారు. రెండేళ్లకి పైగా అక్కడి ఇళ్లకి కరెంటు లేదు, ఉన్నదల్లా సోలార్ లాంతరు. ఆ ఎండలో ఫ్యాను లేక, తిండి నిలవ పెట్టుకునే ఫ్రిజ్ లేక అవస్థ పడ్డారు. 2017 మే నెలలో ఐకియా ఫౌండేషన్ డబ్బుతో రెండు మెగావాట్ల సోలార్ ప్లాంటు వచ్చాక గానీ అది ఊరిలా మారలేదు. లాంతరు ఇచ్చి "వెలుగు ఇచ్చేశాం" అనుకుంటే అక్కడే ఆగిపోతాం.

40 వాట్ల పలక మంచి ఎండలో రోజుకి 120 వాట్-అవర్ల దాకా ఇస్తుంది. మూడేసి వాట్ల బల్బులు మూడూ ఐదు గంటలు వెలిగితే 45 పోతాయి. ఫోన్‌కి పాతిక. మిగిలినదాంతో చిన్న ఫ్యాను నాలుగు గంటలు తిరుగుతుంది. ముసురు పట్టిన ఆషాఢ శ్రావణాల్లో, ముఖ్యంగా పాడేరు, చింతూరు లాంటి ఏజెన్సీ కొండల్లో, ఇందులో సగం కూడా రాదు. అప్పుడు ఫ్యాను ఆపి దీపాలు, ఫోనుతో సరిపెట్టుకోవాలి. ఈ మాట ఇచ్చేటప్పుడే ఇంటివాళ్లకి చెప్పండి. లేకపోతే జులైలో "సోలార్ పాడైపోయింది" అని పక్కన పెట్టేస్తారు.

చిన్న విషయంలా కనిపించినా కిట్లని చంపేది ఇంకోటుంది. చాలా కిట్లలో 12 వోల్టుల డీసీ బల్బులు మామూలు హోల్డర్‌లోనే పడతాయి. ఎవరో పండక్కి కరెంటున్న చుట్టాలింటికి పట్టుకెళ్లి అక్కడి హోల్డర్లో పెడితే ఆ క్షణంలోనే మాడిపోతుంది. మాడిన దాని బదులు సంతలో కొన్న మామూలు బల్బు తెచ్చి కిట్‌లో పెడితే అది వెలగదు. వేరే ఆకారం ప్లగ్గున్న బల్బులిచ్చే కిట్టు ఈ గొడవ తప్పిస్తుంది, కానీ అప్పుడు స్పేరు బల్బులు ఊళ్లో ఎవరి దగ్గరో నిలవ ఉండాలి.

ఈ "ఊళ్లో ఎవరి దగ్గరో" అన్నదే మొత్తం వ్యవహారం. బంగ్లాదేశ్‌లో ఇడ్కాల్ అనే ప్రభుత్వ సంస్థ 2003లో మొదలుపెట్టి నలభై లక్షలకి పైగా ఇళ్లకి ఇలాంటి కిట్లు చేర్చింది. ఉచితంగా ఇవ్వలేదు. కొంత ముందు కట్టించుకుని మిగతాది వాయిదాల్లో వసూలు చేశారు. గ్రామీణ్ శక్తి లాంటి సంస్థల మనిషి ప్రతి నెలా వాయిదా కోసం ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడే బ్యాటరీ చూసి, డిస్టిల్డ్ వాటర్ తగ్గితే పోసి, తీగ వదులైతే బిగించేవాడు. అప్పు వసూలు, రిపేరు ఒకే సైకిల్ మీద తిరిగాయి. మన స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా నేర్చుకోవాల్సింది దీని నుంచే అని నా అభిప్రాయం. ఆ తర్వాత కరెంటు తీగలు ఊళ్లకి వచ్చేసరికి చాలా కిట్లు పక్కన పడ్డాయి, అదీ నిజమే. కాబట్టి మీరనుకున్న గూడేనికి ఏడాదిలో లైను వచ్చేలా ఉంటే కిట్ల జోలికి వెళ్లకండి, లాంతరు చాలు.

రాజస్థాన్‌లోని తిలోనియా బేర్‌ఫుట్ కాలేజీ ఇంకో దారి చూపించింది. చదువు రాని నాయనమ్మలు, అమ్మమ్మలని ఆరు నెలలు అక్కడే ఉంచి సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతారు. రంగులతో, సైగలతో పాఠం నడుస్తుంది. ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి నేర్చుకెళ్లారు. కుర్రాళ్లకి నేర్పితే సర్టిఫికెట్ చేతికి రాగానే పట్నం బస్సెక్కుతారు, నాయనమ్మ ఊళ్లోనే ఉంటుంది. ఇళ్లవాళ్లు నెలనెలా కిరోసిన్‌కి, కొవ్వొత్తులకి పెట్టే ఖర్చుకి సరిపడా డబ్బు ఊరి కమిటీకి కడతారు. అందులోంచే ఆమెకి జీతం, స్పేరు పార్టులు.

మన దగ్గర కిట్ల గురించి ఆలోచించే ముందు గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసులో ఒక్క మాట అడగండి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకంలో, తీగ లాగలేని చోట ఉన్న ఆదిమ తెగల ఇళ్లకి సోలార్ పెట్టే పనిని కూడా చేర్చారు. చెంచులు, కొండరెడ్లు, కోలాములు అందరూ ఆ జాబితాలోని వాళ్లే. సర్కారు కిట్టు రాబోయే ఇంటికి మీరూ కిట్టు పెట్టడం కంటే, ఆ ఊరమ్మాయి ఒకరికి రిపేరు నేర్పించి పనిముట్ల సంచీ కొనిస్తే ఆ డబ్బు ఎక్కువ కాలం పనిచేస్తుంది.

వీధి దీపం

ఫోటోలో బాగా పడేది ఇదే కాబట్టి దాతలకి మోజెక్కువ. పని కూడా చేస్తుంది, సరైన చోట పెడితే. శిబిరాల్లో ఆడవాళ్లు చీకటి పడ్డాక మరుగుదొడ్డికి వెళ్లడానికి భయపడి నీళ్లు తాగడం మానేస్తారు. ఆక్స్‌ఫామ్ సంస్థ, బ్రిటన్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్లు కలిసి ఇరాక్, నైజీరియా, ఉగాండా శిబిరాల్లో ఈ విషయమే పరిశీలించారు. తేలిందేమిటంటే దీపం ఒక్కటే సరిపోదు. దొడ్డికి లోపలి గడియ లేకపోయినా, ఆడా మగా కలిసి వాడేలా కట్టినా స్తంభం మీద లైటున్నా భయం పోదు. స్తంభానికీ దొడ్డికీ మధ్య ఉన్న చీకటి ముక్కకి చేతిలో దీపం కూడా కావాలి.

స్తంభం ఎక్కడ పాతాలో ఆ వీధి ఆడవాళ్లని అడగండి. బోరింగు దగ్గర, దొడ్ల దారిలో, బస్సు దిగే చోట అంటారు. మగవాళ్లని మాత్రమే అడిగితే రచ్చబండ దగ్గర అంటారు. ఎవరినీ అడక్కపోతే అది పెద్దమనిషి ఇంటి ముందే వెలుస్తుంది.

జోర్డాన్‌లోనే ఉన్న జాతరీ శిబిరంలో ఇంకో సంగతి బయటపడింది. 2012లో శిబిరం తెరిచాక వీధి దీపాలకి కరెంటు లాగారు. ఇళ్లకి కరెంటు లేదు కాబట్టి జనం ఆ స్తంభాల నుంచే తీగలు లాక్కున్నారు. బిల్లు తడిసి మోపెడైంది, తీగలు ప్రాణాంతకంగా వేలాడాయి. చివరికి 2017 నవంబరులో జర్మనీ డబ్బుతో 12.9 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టి ఇళ్లకి సక్రమంగా ఇవ్వాల్సొచ్చింది. ఇల్లు చీకట్లో ఉంచి వీధికి వెలుగిస్తే ఆ వెలుగు ఇంట్లోకి ఎలాగోలా వెళ్తుంది. సోలార్ స్తంభాల్లోనూ అంతే, కింద పెట్టెలో బ్యాటరీ పెడితే అది ఎవరింట్లోనో తేలుతుంది. అందుకే ఇప్పుడు పలక, బ్యాటరీ, లైటు అన్నీ పైనే ఒకే పెట్టెలో వస్తున్నాయి. దొంగతనం తగ్గింది కానీ రిపేరుకి ఇరవై అడుగుల నిచ్చెన కావాలి. పంచాయతీ దగ్గర ఆ నిచ్చెన ఉందో లేదో కూడా అడగండి.

అద్దె లాంతర్లు, సీసా బల్బులు

ఊరికొక చార్జింగ్ కేంద్రం పెట్టి, సాయంత్రం లాంతరు అద్దెకిచ్చి పొద్దున్నే తీసుకునే పద్ధతి కూడా ఉంది. 2008లో టెరి సంస్థ ఇలాగే మొదలుపెట్టింది. కర్ణాటకలో సెల్కో కంపెనీ రాత్రిపూట బండి మీద కూరగాయలు, తినుబండారాలు అమ్మేవాళ్లకి అద్దె దీపాల ఏర్పాటు చేయించింది. ఈ కంపెనీ పెట్టిన వాళ్లలో ఒకరైన హరీశ్ హందేకి 2011లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. సంతలో వ్యాపారం చేసేవాళ్లకి ఇది చక్కగా నప్పుతుంది, రోజుకి ఇంత కట్టే అలవాటు వాళ్లకి ఉంటుంది. విసిరేసినట్టు ఇరవై ఇళ్లున్న కొండ గూడేనికి నప్పదు.

సీసాలో నీళ్లు, కాస్త బ్లీచింగ్ పోసి రేకుల కప్పుకి కన్నం చేసి బిగించే బల్బు గురించి కూడా ఎవరో ఒకరు వీడియో పంపుతారు. బ్రెజిల్ మెకానిక్ ఆల్ఫ్రెడో మోసర్ 2002లో కనిపెట్టాడు, ఫిలిప్పీన్స్‌లో ఇల్లాక్ డియాజ్ 2011 నుంచి లక్షల ఇళ్లకి చేర్చాడు. అద్భుతమైన ఐడియా. కానీ అది పగటి దీపం. కిటికీలు లేని ఇరుకు బస్తీ రేకుల ఇళ్లకి పనికొస్తుంది. పూరికప్పుకి, పెంకుటింటికి అక్కర్లేదు.

గోడౌన్‌లో చచ్చే బ్యాటరీలు

వచ్చే తుపానుకి ఉంటాయని ముందుగానే కొని దాచే సంఘాలకి ఒక హెచ్చరిక. చవక ఎమర్జెన్సీ లైట్లలో 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. చార్జ్ తగ్గిన స్థితిలో నెలల తరబడి పెట్టెలో పడుంటే అది లోపలే గట్టిపడి చస్తుంది. తుపాను రోజున పెట్టె విప్పితే సగం వెలగవు. నిలవ పెట్టాలంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకోండి. ఎండ వేడిని బాగా తట్టుకుంటుంది, రెండు వేల సార్లు దాకా చార్జ్ అవుతుంది. ధర ఎక్కువే, కానీ ఒక్క లాంతరుకి రెండుసార్లు కొనే ఖర్చు తప్పుతుంది. ఏ రకమైనా మూడు నెలలకోసారి బయటికి తీసి ఎండ చూపించే పని ఎవరికైనా అప్పజెప్పండి.

సాంపిల్ తెప్పించాక ఇంట్లోనే పరీక్షించొచ్చు. పూర్తిగా ఖాళీ చేసి, ఒక్క రోజు ఎండలో పెట్టి, రాత్రి వెలిగించి ఎన్ని గంటలకి సగం మసకబారిందో రాసుకోండి. పెట్టె మీద "12 గంటలు" అని ఉండి నాలుగు గంటలకే నీరసపడితే ఆ బ్రాండు వద్దు. నాణ్యత పరీక్షల్లో నెగ్గిన సరుకు జాబితాని వెరాసోల్ అనే కార్యక్రమం ఉంచుతుంది, అందులో ఉన్న మోడల్ అయితే ఈ తలనొప్పి కొంత తగ్గుతుంది.

ఆర్డరు పెట్టే ముందు అమ్మేవాడిని నాలుగు అడగండి: బ్యాటరీ ఏ రకం, విడిగా దొరుకుతుందా, ఎంతకి? వారంటీ ఎన్నేళ్లు, పాడైనది ఎక్కడికి తెచ్చివ్వాలి? వందకి ఐదు స్పేరు బ్యాటరీలు, రెండు స్పేరు పలకలు కలిపి పంపుతారా? చచ్చిన బ్యాటరీలు వెనక్కి తీసుకుంటారా? ఈ జవాబులు ఫోన్లో చెబితే చాలదు. బిల్లు మీద రాసి స్టాంపు వేసిస్తానన్న వాడికే అడ్వాన్సు కొట్టండి.